మీరు ఎవరమ్మా

పొద్దున్నే ఉగ్గాని చేసి డబ్బాలో పెట్టుకుని మా ఆయన దగ్గరికి వెళ్లాను. కర్నూలులో మా ఇంటి నుంచి ఆయన్ని చూసుకునే హోమ్‌కి ఆటోలో పావుగంట. కొండారెడ్డి బురుజు దాటేటప్పుడు ప్రతిసారీ ఒకటే టెన్షన్, ఈరోజు గుర్తుపడతారా అని.

గుర్తుపట్టలేదు. "మీరు ఎవరమ్మా?" అన్నారు. నలభై రెండేళ్లు నన్ను "ఏమే" అని పిలిచిన మనిషి. ఆ "మీరు" అనే మాటకే నా గొంతు పట్టేసింది.

సాయంత్రమయ్యేసరికి "హంద్రీ పొంగుతోంది, సామాను మిద్దె మీదికి ఎక్కించండి" అంటూ లేచారు. 2009 అక్టోబర్ వరద ఆయనకు నిన్నటి మాట. మధ్యాహ్నం తిన్నది మాత్రం గుర్తులేదు. అల్జీమర్స్‌లో కొత్త జ్ఞాపకాలే ముందు పోతాయని, పొద్దుగూకే వేళ కంగారు పెరుగుతుందని డాక్టరు చెప్పారు. మొదట్లో "వరద ఎప్పుడో తీసేసింది" అని వాదించేదాన్ని. ఇప్పుడు "అన్నీ ఎక్కించానండీ, అందరం మిద్దె మీదే ఉన్నాం" అంటాను. అప్పుడు కూర్చుంటారు.

మొగుణ్ని హోమ్‌లో పడేసిందని బంధువుల మాట. అర్ధరాత్రి గడియ తీసుకుని వెళ్లిపోయిన ఆయన కోసం వీధులన్నీ ఒక్కదాన్నే వెతికిన రోజులు వాళ్లకు తెలియవు. అయినా తప్పు చేశానేమో అన్న దిగులు నన్ను వదలదు. మనిషి బతికుండగా ఏడవకూడదని చాన్నాళ్లు బిగబట్టాను. పోయిన నెల ఒక రాత్రి 14416కి, అదే మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్‌కి, ఫోన్ చేసి ఏడ్చేశాను. అవతలి అమ్మాయి ఓపికగా విన్నది. నాలాంటివాళ్లు ఉంటే ఆ నంబరు రాసిపెట్టుకోండి, రాత్రయినా పలుకుతారు.

ఈరోజు బయల్దేరుతుంటే ఆయన నా కొంగు పట్టుకున్నారు. "చూసుకుని పోండమ్మా, దారంతా నీళ్లు" అన్నారు.