సర్చు చలికి ఎంత బ్యాగ్ కావాలి?

మనాలి నుంచి లేహ్‌కి సైకిల్ మీద వెళ్దామనుకున్నాక మా ఇద్దరికీ టైర్ల దగ్గరా గేర్ల దగ్గరా పేచీ రాలేదు, గొడవంతా స్లీపింగ్ బ్యాగ్ దగ్గరే. "బరువైతే అయింది బావా, మైనస్ పదిది కొనేద్దాం" అంటాడు మావాడు. హైదరాబాద్‌లో డిసెంబర్ రాగానే మంకీ క్యాప్ బయటికి తీసే మనిషి, వాడి భయం వాడిది. నా లెక్క వేరు. దాదాపు 475 కిలోమీటర్ల దారి, ఐదు కనుమలు ఎక్కి దిగాలి, చివరిదైన తంగ్‌లాంగ్ లా 5,300 మీటర్ల పైమాటే. అక్కడ ఊపిరే అందదు, ఇంకా పనికిరాని బరువు కూడానా.

వాడు మెచ్చిన బ్యాగ్ లోపలి లేబుల్ తిప్పి చదివితే అసలు సంగతి బయటపడింది. స్లీపింగ్ బ్యాగ్‌లకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 23537 ప్రకారం పరీక్షించిన బ్యాగ్‌కి మూడు అంకెలుంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. కంఫర్ట్ అంటే హాయిగా నిద్రపట్టే చలి. లిమిట్ అంటే మగవాడు ముడుచుకుని ఎలాగో రాత్రి గడిపేయగలిగే చలి. ఎక్స్‌ట్రీమ్‌లో ఇక నిద్ర మాటే లేదు, కొన్ని గంటలు ప్రాణం నిలుస్తుందంతే. కవర్ మీద పెద్దక్షరాల్లో వేసిన మైనస్ పది ఆ మూడోది! కంఫర్ట్ చూస్తే ఎనిమిది డిగ్రీలు. బరువు కిలోన్నర.

నేను బాతు నూగుది తీసుకున్నా, కంఫర్ట్ సున్నా, ఎనిమిది వందల గ్రాములు, ఫిల్ పవర్ 750. ఒక ఔన్సు నూగు ఎన్ని ఘనపుటంగుళాలు ఉబ్బుతుందో చెప్పే అంకె ఇది, ఎక్కువైతే అదే వెచ్చదనానికి తక్కువ నూగు చాలు, జేబుకి మాత్రం చిల్లే. వాడు కూడా మనసు మార్చుకుని కంఫర్ట్ సున్నాదే కొన్నాడు గానీ సింథటిక్. తడిసినా కొంత వెచ్చగా ఉంటుందని. అది తప్పేమీ కాదు. మొదటి కనుమ రోహ్‌తాంగ్‌కి ఇవతల, మనాలి వైపు, ఆగస్టంతా వానే, నూగు తడిస్తే ఉండకట్టి ఎందుకూ పనికిరాదు, అందుకే నాది నీళ్ళు చొరని డ్రై బ్యాగ్‌లో పెట్టి మూతి మూడు మడతలు వేశా. రోహ్‌తాంగ్ దాటి ముందుకెళ్ళేకొద్దీ వాన తగ్గిపోయింది, ఆకాశం ఎండిపోయినట్టుంటుంది.

సింథటిక్‌తో వచ్చిన తంటా బరువు కన్నా సైజు. హ్యాండిల్‌బార్‌కి కడితే మావాడి మూట బిందెలా వేలాడేది, గాటా లూప్స్‌లో ఆ ఇరవై ఒక్క మలుపులూ ఎక్కుతుంటే గతుకు వచ్చినప్పుడల్లా ముందు టైరుకి రాసుకునేది. చివరికి గుడ్డ అరిగి లోపలి దూది తెల్లగా కనిపించింది. ఆగి, స్ట్రాప్ బిగించి, మూటకీ బార్‌కీ మధ్య పాత ట్యూబు ముక్క పెడితే గానీ కుదరలేదు. సైకిల్‌కి బ్యాగ్ కొనేటప్పుడు గ్రాముల కన్నా ముందు చుట్ట ఎంత లావుందో చూడండి.

అసలు పరీక్ష దారి మధ్యలో వచ్చే సర్చులో. 4,300 మీటర్లకి దగ్గర, చుట్టూ ఖాళీ మైదానం, సూర్యుడు కొండ వెనక్కి వెళ్ళాడో లేదో గాలి కోసేస్తోంది. తెల్లారి చూస్తే సీసాలో నీళ్ళ మీద పల్చటి మంచు పలక. పైన బ్యాగ్ ఎంత మంచిదైనా కింద పడ్డ నూగు మన బరువుకి అణిగి వెచ్చదనం ఇవ్వదు, అక్కడ కాపాడేది మ్యాట్. నాది ఆర్ వాల్యూ (నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) మూడు దాటినది, దాని కింద పల్చటి ఫోమ్ షీట్ కూడా వేశా, ఆ రెండు విలువలూ కలుస్తాయి. పొడి సాక్సులు, టోపీ, కాళ్ళ దగ్గర వేడినీళ్ళ సీసా. ముక్కు బ్యాగ్ లోపల పెట్టి ఊపిరి వదలకూడదు, ఆ తేమ నూగుకి పడుతుంది.

తర్వాతి మజిలీ పాంగ్‌లో టెంట్ వేయనే లేదు. ధాబా టెంట్‌లో వరసగా పరుపులు, ఒక్కోదానికి రెండేసి రజాయిలు, కడుపునిండా మ్యాగీ. మావాడు బ్యాగ్ విప్పకుండానే పడుకున్నాడు. జూలై, ఆగస్టుల్లో రాత్రులన్నీ ధాబాల్లోనే ఉండేట్టయితే కంఫర్ట్ ఐదు డిగ్రీల బ్యాగ్, దాని లోపల సిల్క్ లైనర్ (పల్చటి లోపలి సంచి) చాలనిపించింది. టెంట్ వేసుకునేవాళ్ళూ సెప్టెంబర్ రెండోసగంలో వెళ్ళేవాళ్ళూ మాత్రం అంత తేలిక బ్యాగ్‌తో వెళ్ళొద్దు, ధాబాలు అప్పటికి మూసేస్తూ ఉంటారు. మావాడిప్పుడు నా బ్యాగ్ అడుగుతున్నాడు, స్పితికి. ఇస్తా, వాడి ఒంటి చెమట బ్యాగ్‌కి పట్టకుండా లైనర్ వాడతానంటేనే.