పిల్ల ఏదే?

"నీ ఫోటోలో నేను తెల్లగా ఉంటానమ్మా. ఈసారి నిలబడను" అంది మా అమ్మాయి, కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కుకి బ్యాగ్ సర్దుకుంటూ.

స్ట్రోలర్‌లో ఉన్నప్పటి నుంచీ వెళ్లిన ప్రతిసారీ, లోయంతా కనిపించే టన్నెల్ వ్యూ దగ్గర దాన్ని గోడ పక్కన నిలబెట్టి ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే కంటికి కనిపించని వెలుగులో, ఫోటో తీస్తున్నాను. ఎడమవైపు ఎల్ కాపిటన్ కొండ, కుడివైపు బ్రైడల్‌వీల్ జలపాతం, దూరంగా హాఫ్ డోమ్ శిఖరం. ఫ్రేమ్ మారదు, పిల్ల ఎత్తు మారుతుంది. పిచ్చి నాది, పేరు పిల్లది.

పాత కెమెరాలో సెన్సర్ ముందు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే గాజు ఉంటుంది. అది తీయించి, దాదాపు ఇన్‌ఫ్రారెడ్‌ని మాత్రమే రానిచ్చే 720 నానోమీటర్ల ఫిల్టర్ పెట్టించాను. పచ్చటి ఆకులు ఆ వెలుగుని పీల్చుకోకుండా తిప్పికొడతాయి కాబట్టి నడి వేసవిలో కూడా చెట్లు మంచు పట్టినట్టు కనిపిస్తాయి. నీలాకాశం నల్లబడుతుంది. దూరపు మసక తగ్గి, గ్లేసియర్లు (మంచునదులు) చెక్కిన రాతిగోడలు గీతలతో సహా తేలతాయి. బ్రైడల్‌వీల్ 189 మీటర్ల ఎత్తు నుంచి ఎందుకు దూకుతుందో నాకు ఆ ఫోటోల్లోనే అర్థమైంది. పెద్ద గ్లేసియర్ అసలు లోయని లోతుగా తవ్వేసింది, పక్కవాగు లోయ పైనే ఉండిపోయింది. ఫోటోలు వరసగా పేర్చితే, 2012-16 కరువు తర్వాతి వాటిలో తెల్లటి అడవి మధ్య నల్లటి చారలు. ఎండి ఆకు రాలిన పైన్ చెట్లు.

ఇదంతా ఎవరికైనా గంటసేపు చెప్తాను. చర్మం సంగతి మాత్రం దాటేస్తాను. మెలనిన్ కూడా ఆ వెలుగుని పెద్దగా పీల్చుకోదు. ఎవరి ఒళ్లయినా మైనంలా పాలిపోతుంది.

"అది ఫిజిక్స్ రా" అన్నాను.

"మరి అమ్మమ్మకి చెప్పావా, ఫిజిక్స్ అని?"

చెప్పలేదు. ఆ ఫోటో చూసి వీడియో కాల్‌లో మా అమ్మ "ఎంత తెల్లగా వచ్చిందే నా బంగారం, అక్కడి నీళ్లు పడ్డాయి" అని మురిసిపోతే నవ్వి ఊరుకున్నాను. పైగా దాన్నే ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టాను.

స్కూల్లో ఒక పిల్ల దీని రంగు గురించి ఏదో అన్నప్పుడు టీచర్‌తో గట్టిగా మాట్లాడొచ్చింది నేనే. మన రంగు చూసుకుని గర్వపడాలని ఆ రాత్రి దీనికి పెద్ద లెక్చర్ ఇచ్చిందీ నేనే. కానీ "ఎండలో ఆడకు, నల్లబడతావు" అని నోరు జారడం మానలేదు. ఇంగ్లీషులో ఎప్పుడూ అనను, తెలుగులోనే అంటాను. తెలుగు నేర్చుకోమని ఇన్నేళ్లుగా దాని వెంటపడుతున్నాను కదా, ఇది మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది.

నాలాంటి తల్లులు అడిగితే, పిల్లల ముందు రంగు మాట ఎత్తకండి అని చెప్పేదాన్ని. అది సరైన సలహా అని ఇప్పుడు అనుకోవట్లేదు. ఎత్తకపోయినా వాళ్లు గోడ మీద ఏ ఫోటో ఉందో చూస్తారు. పోనీ మా అమ్మని ఆపాలా? డెబ్బై దాటిన మనిషి. నా చిన్నప్పుడు శనగపిండి, పసుపు కలిపి నన్ను రుద్దిన చేతులు ఆవిడవి. అప్పుడు నాకూ మండేది, ఏమీ అనలేదు. మా అమ్మాయి అంటోంది. నేను దాన్ని ఇక్కడ పెంచింది అందుకేనా, లేక దాని మాటలు నా మీదికి రానంతవరకే నాకు నచ్చుతాయా?

మామూలు కెమెరాతో కూడా ఒకటి తీస్తానని బేరం పెట్టాను. ఫోటో సంగతి కాదు, అమ్మమ్మతో మాట్లాడమంది.

ఈసారి వరసలో పిల్ల లేదు. లోయ బాగానే వచ్చింది. ఫోటో చూసి మా అమ్మ "పిల్ల ఏదే?" అంది.

"బాగా ఎండగా ఉంటే కార్లో కూర్చుందమ్మా" అన్నాను.

"మంచి పని చేసింది. లేకపోతే నల్లబడిపోయేది" అంది.