సడ్‌బరీ బండల మీద పెరుగుతున్న మా అమ్మాయి

టొరంటో నుంచి ఉత్తరానికి నాలుగు గంటలు కారులో వస్తే సడ్‌బరీ. ఇళ్ల మధ్యన, బడి వెనకాల, షాపుల పక్కన ఎక్కడ చూసినా బండలే. ఈ పురాతన రాతి నేలనే కెనడియన్ షీల్డ్ అంటారు. ఉత్తరాన ఇందులోనే ఉన్న అకాస్టా నైస్ అనే రాయి వయసు సుమారు 400 కోట్ల ఏళ్లు. పిల్లలకి పద్యాలు రావాలి, పండగలు తెలియాలి అని ఇక్కడి తెలుగువాళ్లందరం తాపత్రయపడతాం, నేనూ పడతాను. కానీ కాళ్ల కింద ఉన్న నేల సంగతి తెలియకుండా పెరిగితే ఈ దేశమూ వాళ్లది కాదు, అక్కడి మన ఊరూ వాళ్లది కాదు అని నా గట్టి నమ్మకం.

మా పెరట్లో ఓ బండ ఉంది. బకెట్టు నీళ్లు పోసి, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూస్తే సన్నటి గీతలు కనిపిస్తాయి, అన్నీ ఒకే దిక్కుకి. వేలితో తడిమితే తెలుస్తాయి. కిలోమీటర్ల మందాన మంచు ఈ నేల మీద కదిలినప్పుడు, దాని అడుగున ఇరుక్కున్న రాళ్లు గీసినవి. పైమట్టినంతా చాలాచోట్ల ఆ మంచే చెక్కుకుపోయింది, అది కరిగి పదివేల ఏళ్లు దాటినా మట్టి ఇంకా జానెడే. గుంటలన్నీ సరస్సులయ్యాయి, మా ఊరి పరిధిలోనే 330 ఉన్నాయి.

అమ్మాయి ఇదంతా వీడియో కాల్‌లో తాతకి చూపించింది. ఆయన అనంతపురం జిల్లా రైతు. "మరి మన గుట్టల మీద గీతలేవి తల్లీ?" అన్నారు. "మీ దగ్గర ఆ మంచు రాలేదు తాతా, ఎండకీ వానకీ పగిలి గుండ్రంగా అయ్యాయి" అని చెప్పింది. ఆ బండలూ కోట్ల ఏళ్ల కిందటివే, 250 కోట్లకి అటూ ఇటూ.

అప్పుడాయన వజ్రకరూర్ సంగతెత్తారు. తొలకరి పడగానే జనం పొలాల్లో వంగి వజ్రాలు వెతకడం రాయలసీమ వాళ్లకి కొత్తేం కాదు, తుగ్గలి, జొన్నగిరి వైపూ అంతే. వజ్రకరూర్ నేల కింద కింబర్లైట్ ఉంది, అంటే లోతు నుంచి వజ్రాల్ని పైకి మోసుకొచ్చే రాయి. వానకి పైమట్టి కొట్టుకుపోతే వజ్రాలు బయటపడతాయి. కెనడాలో ఆ పని మంచు చేసింది. కింబర్లైట్‌లో ఉండే గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం రవ్వల్ని వందల కిలోమీటర్లు మోసుకెళ్లి పారేసింది. చక్ ఫిప్కే, స్టూవర్ట్ బ్లూసన్ అనే ఇద్దరు భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రవ్వల్ని పట్టుకుని, మంచు వచ్చిన దారినే ఏళ్ల తరబడి వెనక్కి నడిచి, 1991లో ఉత్తర కెనడాలోని లాక్ డి గ్రా సరస్సు దగ్గర వజ్రాలున్నాయని తేల్చారు. 1998లో అక్కడ ఎకాటి వజ్రాల గని మొదలైంది. ఈ కథ విన్నప్పటి నుంచి తాతా మనవరాలికి మాటలే మాటలు, నేను మధ్యలో దూరనవసరం లేదు!

మా ఊరి సంపద నికెల్, రాగి. 185 కోట్ల ఏళ్ల కిందట పెద్ద ఉల్క ఏదో పడి నేల కరిగిపోయింది, బరువైన లోహాలు అడుగుకి చేరాయి. 1883లో రైలు దారి వేస్తుంటే ఖనిజం బయటపడింది. తర్వాత దాన్ని ఆరుబయట కట్టెల మీద కాల్చారు, ఆ గంధకపు పొగకి చెట్లు చచ్చిపోయాయి, బండలు నల్లబడ్డాయి. 1978 నుంచి సున్నపురాయి పొడి చల్లి, కోటికి పైగా మొక్కలు నాటారు. ఇప్పుడు ఇక్కడ తిరిగే పిల్లలకి అది మామూలు అడవి, అందుకే చెప్పాలి.

ఇంకోటి కూడా చెప్పాలి, మన ఇళ్లల్లో అసలు రాని విషయం. ఈ నేల ఇక్కడి ఆదివాసులైన అనిషినాబే ప్రజలది. ప్రభుత్వంతో వాళ్లు చేసుకున్న 1850 నాటి రాబిన్సన్-హ్యూరాన్ ఒప్పందంలో, ఈ నేల మీద రాబడి పెరిగితే వాళ్లకిచ్చేదీ పెంచాలని ఉంది. 1875లో తలకి ఏడాదికి 4 డాలర్లు చేశారు, ఇక పెంచలేదు. ఎన్నో ఏళ్ల పోరాటం తర్వాత 2023లో 1000 కోట్ల డాలర్ల పరిష్కారం ప్రకటించారు. బడిలో విని వచ్చి "నాలుగు డాలర్లకి ఐస్‌క్రీం కూడా రాదు కదమ్మా" అంది మా అమ్మాయి. దానికి సర్దిచెప్పే జవాబు నేనివ్వలేదు, ఇవ్వకూడదు కూడా.

ఇప్పుడు తనకి తొలకరికి వజ్రకరూర్ వెళ్లాలని ఉంది. ఇక్కడ బడులకి సెలవులు జూన్ ఆఖరికి గానీ రావు, అప్పటికి పొలాలు దున్నేస్తారని తాత టెన్షన్. టీచర్‌ని అడిగి కొన్ని వారాలు ముందే పంపించేద్దామనుకుంటున్నాం.