విరేచనాల వార్డులో శానిటైజర్ ఎందుకు చాలదు

కాలు విరిగి చేరిన మనిషికి మూడో రోజున ఉన్నట్టుండి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ‘హాస్పిటల్ తిండి పడలేదు’ అని సరిపెట్టేస్తారు. చేరి 48 గంటలు దాటాక కొత్తగా మొదలయ్యాయంటే ముందు అనుమానించాల్సింది పక్క మంచాన్ని. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ అంటిన 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది.

జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగి లంకల్లో బోర్లు మునిగితే డెల్టాలో ఈ వార్డులు నిండిపోతాయి. అప్పుడు మంచానికో శానిటైజర్ సీసా వేలాడదీసి నిశ్చింతగా ఉంటారు. ఫ్లూ, కరోనా వైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, శానిటైజర్‌లోని స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది. నోరోవైరస్‌కి ఆ పొరే లేదు. దానికి సబ్బు, ధారగా పడే నీళ్లు కావాలి, 40 నుంచి 60 సెకన్లు రుద్దాలి. కడిగిన చేతుల్ని బిడ్డ మూతి తుడిచిన కొంగుకే తుడుచుకుంటే ఆ కడుగుడంతా వృథా.

రెండో ఆయుధం బ్లీచింగ్ పౌడరు. ఎక్కువగా తప్పులు జరిగేది ఇక్కడే. 33 శాతం క్లోరిన్ ఉన్న పౌడరు 30 గ్రాములు లీటరు నీళ్లలో కలిపితే సుమారు 1 శాతం క్లోరిన్ ద్రావణం. గుప్పెడు లెక్క పనికిరాదు, తూచాలి. ముందు కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత మిగతా నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రమే వంచుకోవాలి. ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి. మన తేమగాలికి మూతి విప్పిన సంచి గడ్డలు కట్టి క్లోరిన్ పోగొట్టుకుంటుంది. ఘాటు తగ్గిన పౌడరుతో ఎంత తుడిచినా సున్నం నీళ్లతో తుడిచినట్టే. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, నీడపట్టున ఉంచండి.

వాంతి పడితే చీపురు పట్టుకోకండి, నీళ్లు కొట్టకండి. చిమ్మిన తుంపరలే పక్క మంచానికి దారి. గ్లవ్స్, మాస్కు వేసుకుని, పాత పేపర్లు కప్పి, మీద 1 శాతం తేట మెల్లగా పోసి 10 నిమిషాలు ఆగాలి. తర్వాత అంచుల నుంచి మధ్యలోకి ఎత్తాలి. ఆ చోటు సబ్బునీళ్లతో కడిగి, మళ్లీ తేటతో తుడవాలి. మురికి మీదే పోస్తే క్లోరిన్ ఆ మురికికే ఖర్చయిపోతుంది, అందుకే రెండుసార్లు. మంచం కమ్మీలు, సెలైన్ స్టాండు, కుళాయి పిడి, తలుపు గడియకి ఒక వంతు తేట, తొమ్మిది వంతుల నీళ్లు చాలు. ఇనుము తుప్పు పడుతుంది గనక పది నిమిషాల తర్వాత మంచినీళ్ల గుడ్డతో తుడిచేయండి. బాత్రూం యాసిడ్‌తో మాత్రం కలపొద్దు, విషవాయువు లేస్తుంది.

బెడ్‌పాను, మగ్గు రోగికొకటి ఉండాల్సిందే. ఇదే జబ్బువాళ్లందర్నీ ఒకవైపు చేర్చి, వాళ్లకి విడిగా ఒక ఆయాని పెడితే సగం తలనొప్పి తగ్గుతుంది.

పరామర్శల సంగతి కష్టమే. కొబ్బరిబొండాం పట్టుకుని వచ్చిన బంధువుని గుమ్మంలో ఆపడం మన వైపు మర్యాద కాదు. కానీ మంచం మీద కూర్చుని, రోగి తాగిన గ్లాసులోనే మిగిలింది తాగితే ఆ వైరస్ సాయంత్రానికి వాళ్ల ఊరు చేరుతుంది. రోగి దగ్గర ఒక్కరే ఉండాలని చేర్చుకునేటప్పుడే చెబితే ఎవరూ నొచ్చుకోరు.

సిబ్బందికి వస్తే వాంతులు, విరేచనాలు ఆగాక ఇంకో 48 గంటలు డ్యూటీకి రానివ్వకూడదు, భోజనం వడ్డించేవాళ్లనైతే మరీ. తగ్గాక కూడా కొన్ని రోజులపాటు మలంలో వైరస్ పోతూనే ఉంటుంది. జీతం కోస్తామంటే వాళ్లు జబ్బు దాచిపెట్టి వస్తారు, కాబట్టి ఆ రెండు రోజుల జీతం ఇచ్చేయాలి.