ఆక్స్‌ఫర్డ్ పాత హాల్స్ నియమాలు చదివిన నా అనుభవం

లండన్‌లో మధ్యయుగ చరిత్ర మాస్టర్స్ చేసేటప్పుడు థీసిస్‌కి విద్యార్థుల వసతిని అంశంగా తీసుకున్నాను. ఆక్స్‌ఫర్డ్ కాలేజీల మీద పుస్తకాలు కొల్లలు. కానీ ఆ కాలంలో ఎక్కువమంది విద్యార్థులు ఉన్నది కాలేజీల్లో కాదు, హాల్స్‌లో. కేంబ్రిడ్జ్‌లో వాటినే హాస్టల్స్ అనేవారు. హాల్ అంటే ఊళ్లో ఒక అద్దె ఇల్లే. ప్రిన్సిపల్, అంటే హాల్ నడిపే పెద్ద, ఇల్లు మొత్తం అద్దెకు తీసుకుని విద్యార్థులకు గదులు ఇచ్చేవాడు. తిండి ఖర్చు వారం వారం లెక్కగట్టి అందరూ పంచుకునేవారు.

ముందు ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల బాడ్లియన్ లైబ్రరీ కార్డు కావాలి. బయటి యూనివర్సిటీ వాళ్లు గుర్తింపు కాగితాలు చూపించి, అక్కడి సిబ్బంది ముందు ఒక ప్రమాణం పైకి చదవాలి. పుస్తకాలు పాడుచేయను, లైబ్రరీలోకి నిప్పు తేను, లోపల వెలిగించను అని అందులో ఉంటుంది. అది చదువుతుంటే నాకు చాలా గౌరవంగా అనిపించింది.

అసలు పరీక్ష లాటిన్. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ పాత శాసనాలను, అంటే యూనివర్సిటీ పెట్టుకున్న నియమాలను, స్ట్రిక్‌లాండ్ గిబ్సన్ 1931లో ఒక పెద్ద సంపుటంగా అచ్చు వేయించారు. శాసనాలన్నీ లాటిన్‌లోనే. మొదట్లో పేజీ కదలాలంటే పూట గడిచేది. అయితే శాసనాల భాషలో ఒకే మాటలు తిరిగి తిరిగి వస్తాయి. జరిమానా, అద్దె, హామీ, ప్రిన్సిపల్ లాంటివి పట్టుబడ్డాక చదువు సాగింది.

అప్పుడు నియమాలన్నీ సంవత్సరాల వరుసలో రాసుకున్నాను. నా థీసిస్ దారి మారింది అక్కడే. హాస్టల్ నియమాలంటే విద్యార్థులను కట్టడి చేసేవే అని మనం అనుకుంటాం. ఇక్కడ మొదటి నియమాలు కట్టడి చేసింది ఇంటి ఓనర్లను.

1209లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక విద్యార్థి ఒక స్త్రీ చావుకు కారణమై పారిపోయాడు. ఊరివాళ్లు అతనితో అదే అద్దె ఇంట్లో ఉంటున్నవాళ్లను పట్టుకుని ఉరితీశారు. చేయని నేరానికి, కేవలం ఒక ఇంట్లో ఉన్నందుకు! పండితులు, విద్యార్థులు ఊరు వదిలిపోయారు. కొందరు కేంబ్రిడ్జ్ చేరారు. 1214లో పోప్ ప్రతినిధి రాజీ కుదిర్చినప్పుడు ఊరికి వేసిన శిక్షలో ముఖ్యమైనది అద్దె: విద్యార్థుల ఇళ్లకు పదేళ్లపాటు సగం అద్దే తీసుకోవాలి. దాంతోపాటు పేద విద్యార్థుల కోసం ఏటా 52 షిల్లింగులు కట్టాలి, సెయింట్ నికొలస్ పండుగనాడు వందమందికి భోజనం పెట్టాలి. 1231లో మూడో హెన్రీ రాజు కేంబ్రిడ్జ్‌లో అద్దెలు నిర్ణయించడానికి ఇద్దరు మాస్టర్లను (యూనివర్సిటీ గురువులను), ఇద్దరు పట్టణస్థులను పెట్టమన్నాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది కేంబ్రిడ్జ్ పాత శాసనాల్లోని హాస్టల్ నియమం. ప్రిన్సిపల్ కావాలనుకున్నవాడు జూన్ 11 నుంచి సెప్టెంబర్ 8 లోపు ఓనర్ దగ్గరికి వెళ్లి అద్దెకు హామీ ఇవ్వాలి. హామీగా పుస్తకం ఇచ్చినా చెల్లుతుంది. ఓనర్ కాదంటే యూనివర్సిటీ పెద్ద అయిన ఛాన్సలర్ దగ్గరికి వెళ్లాలి. ఆ హామీని ఛాన్సలర్ తీసుకుంటే, ఓనర్‌కి ఇష్టం లేకపోయినా అతనే ప్రిన్సిపల్. లండన్‌లో ఇల్లు వెతుక్కుని, డిపాజిట్ కట్టి, ఓనర్ ఎప్పుడు ఖాళీ చేయమంటాడో అని టెన్షన్ పడ్డవాళ్లకు ఈ నియమం విలువ చెప్పనక్కర్లేదు. ఆ పేరా నేను పక్కనున్న స్నేహితురాలికి చదివి వినిపించాను కూడా.

విద్యార్థుల మీద గట్టి పట్టు ఆ తర్వాత వచ్చింది. ఊళ్లో విడిగా గదుల్లో ఉంటూ రాత్రుళ్లు గొడవలు చేసేవాళ్ల మీద ఫిర్యాదులు పెరిగాయి. 1420లో ఐదో హెన్రీ, విద్యార్థులంతా ఒక ప్రిన్సిపల్ కిందే ఉండాలన్నాడు. 1480ల నాటికి ఆక్స్‌ఫర్డ్ హాల్స్ అన్నిటికీ ఉమ్మడి నియమావళి వచ్చింది. ఇంగ్లీషులో మాట్లాడితే జరిమానా, లాటినే మాట్లాడాలి. శనివారం రాత్రి ప్రిన్సిపల్ అందరి ముందూ బెత్తం దెబ్బలు కొట్టవచ్చు, అప్పటికే సొంత గురువు చేత తిన్నవాడినైనా సరే. సొంత అద్దె ఇంట్లో కలిసి బతికినవాళ్లు ఇలా బెత్తం కిందికి వచ్చారని చదివినప్పుడు బాధేసింది. క్రమశిక్షణ అవసరమే, కానీ ఇది దాన్ని మించిపోయింది.

పదహారో శతాబ్దం మధ్యకు ఎనిమిది హాల్స్ దాకానే మిగిలాయి. చాలామటుకు కాలేజీల్లో కలిసిపోయాయి. ఆ కాలం నుంచి సెయింట్ ఎడ్మండ్ హాల్ ఒక్కటే అదే పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. అదీ 1957లో కాలేజీ అయింది. హై స్ట్రీట్‌లో టాక్లీస్ ఇన్ భవనం ఉంది, ఒకప్పుడు విద్యార్థులున్న ఇల్లే.

ఈ అంశం మీద పని చేయాలనుకునేవాళ్లు ముందు 1214 ఒప్పందం, తర్వాత కేంబ్రిడ్జ్ హాస్టల్ నియమం, చివర 1480ల నియమావళి చదవండి. బెత్తం దగ్గర మొదలుపెడితే అద్దె సంగతి కనపడదు.