నాన్న సైకస్‌ని పాతింటి నుంచి తెచ్చుకున్నాం

రాజమండ్రిలో మా పాతింటిని అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేసినప్పుడు సామాను సర్దడం నాలుగు రోజుల్లో అయిపోయింది, గేటు పక్కన అందానికి పెంచుకున్న సైకస్ చెట్టు దగ్గరికొచ్చేసరికి అందరం ఆగిపోయాం. 1992లో నాన్న కడియం నుంచి కొబ్బరికాయంత పిలకని సైకిల్ మీద తెచ్చి నాటింది అది. ఇప్పుడు కాండం నా నడుం దాటింది, దాని మొదలు దగ్గర రెండు పిలకలు కూడా ఉన్నాయి. బిల్డర్ మనిషి వచ్చి "జేసీబీతో రెండు నిమిషాల్లో పీకేస్తామండి, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోండి" అన్నాడు, అమ్మ ఆ మాటకి లోపలికెళ్ళిపోయింది.

నేను ఒప్పుకోలేదు. కడియంలో నర్సరీ పనులు చేసే ఒక పెద్దాయన్ని బతిమాలి తీసుకొచ్చాం. ఆయన చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి "దీన్ని పీకకూడదమ్మా, తవ్వి తీసుకోవాలి" అన్నాడు. మార్చి మొదటి వారం అది, చలి పోయింది, కొత్త మట్టలు ఇంకా రాలేదు. అదే మంచి టైమ్ అన్నాడు.

ముందురోజు నీళ్ళు బాగా పెట్టించాడు. పొద్దున్నే మట్టలన్నీ కోసేశాడు, ఒక్కటి కూడా ఉంచలేదు, నాకు గుండె తరుక్కుపోయింది. వేళ్ళు తెగాక చెట్టు నీళ్ళు తాగలేదు కదా, ఆకులుంటే కాండంలో ఉన్న తడంతా అవే లాగేస్తాయంట. ఆ తర్వాత తూర్పు వైపు కాండం మీద సున్నంతో బొట్టు పెట్టాడు, కొత్త చోట కూడా అదే వైపు తూర్పుకి ఉండాలి, ఇన్నేళ్ళు నీడలో ఉన్న వైపుకి ఒక్కసారిగా ఎండ తగిలితే కాలిపోతుందని.

కాండానికి రెండడుగుల దూరంలో గుండ్రంగా కందకం తవ్వారు. లావు వేళ్ళు ముల్లంగిలా ఉన్నాయి, వాటిని గునపంతో నరకనివ్వలేదు, రంపంతో నున్నగా కోశాడు. పైపైన మట్టిలో ఇంకో రకం వేళ్ళు కనిపించాయి, పగడాల్లా గుత్తులు గుత్తులుగా, పైకి చూస్తున్నట్టు. ఒకదాన్ని విరిచి చూస్తే లోపల సన్నగా ఆకుపచ్చ గీత ఉంది. అది నీలి ఆకుపచ్చ నాచు అని పిలిచే బ్యాక్టీరియా, గాలిలో నైట్రోజన్ పట్టి చెట్టుకి పెడుతుంది. ముప్పై ఏళ్ళుగా నాన్న దీనికి పెద్దగా ఎరువు వేసింది లేదు, ఎలా బతికిందో అప్పుడు తెలిసింది. అందరూ సాగో పామ్ అంటారు గానీ ఇది తాటి, కొబ్బరి జాతే కాదు.

గోనె సంచులు చుట్టి, వెదురు బొంగులు కట్టి ఆరుగురు మోశారు. తాడు మొవ్వుకి తగలకూడదని ఆయన పక్కనే నడిచాడు. మొవ్వు దెబ్బతింటే ఇంక నడినెత్తి నుంచి ఆకు రావడం కష్టమే.

తమ్ముడి స్థలానికి తీసుకెళ్ళాక వెంటనే నాటలేదు. కోసిన చోటల్లా కార్బెండజిమ్, మాంకోజెబ్ అనే బూజు తెగులు మందులు కలిసిన పౌడర్ పూసి పది రోజులు నీడలో ఇటుకల మీద పెట్టాం, గాయాలు ఆరాలి. అమ్మ రోజూ ఫోన్ చేసి "కాసిని నీళ్ళన్నా చల్లండ్రా" అనేది. నేను చల్లనివ్వలేదు, ఎందుకంటే అయిదేళ్ళ కిందట ఇదే చెట్టు పిలకొకటి హైదరాబాద్ తెచ్చుకుని ప్రేమకొద్దీ రోజూ నీళ్ళు పోసి కుళ్ళబెట్టాను, చేత్తో నొక్కితే మెత్తగా దిగిపోయింది, ఆ వాసన ఇప్పటికీ గుర్తే. ఎండకి చచ్చిన సైకస్‌ని నేను చూడలేదు, నీళ్ళకి చచ్చినవి చూశాను.

అక్కడిది నల్లరేగడి, నీళ్ళు నిలుస్తాయి. అందుకే అడుగున్నర ఎత్తు దిబ్బ వేసి, ఎర్రమట్టీ దొడ్డు ఇసకా సగం సగం కలిపి, పాత చోట ఎంత లోతులో ఉందో అంతే లోతులో నిలబెట్టి మూడు వైపులా కర్రలు కట్టాం. ఒక్కసారి తడిపి వదిలేశాం, తర్వాత మట్టి పూర్తిగా ఆరితేనే నీళ్ళు. ఎరువు అసలు లేదు.

ఇంక ఎదురుచూపు. ఒట్టి మొద్దు. వానలు వచ్చాయి, పోయాయి, సంక్రాంతి కూడా అయిపోయింది. చూసినవాళ్ళంతా చచ్చిపోయింది తీసేయండి అన్నారు. తమ్ముడు వారానికోసారి కాండం నొక్కి "రాయిలా ఉందక్కా" అని చెప్పేవాడు, నాకు ఆ మాట చాలు. ఆ రోజుల్లోనే దక్షిణాఫ్రికాలో ఉండే, సైకస్‌కి దూరపు చుట్టమైన వుడ్ సైకాడ్ అనే చెట్టు గురించి చదివాను. 1895లో అడవిలో ఒకే ఒక్క మగ గుబురు దొరికింది, 1907లో రెండు పెద్ద కాండాలు తవ్వి డర్బన్ బొటానికల్ గార్డెన్‌కి తెచ్చి నాటారు, ఇప్పుడు ప్రపంచంలో ఉన్న ఆ జాతి చెట్లన్నీ ఆ ఒక్క గుబురు పిలకలే. జేసీబీలు ఎక్కడివి అప్పట్లో? మనవాళ్ళకి ఒక మాట చెప్పాలి, శేషాచలం, కడప కొండల్లో మాత్రమే పెరిగే మన సైకస్ బెడ్డోమిని ఎవరన్నా పెద్ద చెట్టు తెచ్చిస్తామంటే దయచేసి వద్దనండి, అడవిలో ఉన్నవే కొన్ని. నర్సరీలో పెంచిందే కొనుక్కోండి.

పద్నాలుగో నెలలో, మేలో, తమ్ముడు వీడియో పంపాడు. నడినెత్తి మీద గోధుమరంగు నూగు పగిలి మట్టలు ఒకేసారి లేస్తున్నాయి, ఒక్కో మట్టకీ అటూ ఇటూ చిన్న చిన్న ఆకులు జిలేబీల్లా చుట్టుకుని. లెక్కపెట్టాను, పదకొండు. పాతింట్లో ముప్పై దాకా వచ్చేవి, ఈసారికి ఇవే.

అమ్మని కారులో తీసుకెళ్ళాం. ముట్టుకోబోతే వద్దన్నాను, వారం దాకా చాలా లేతగా ఉంటాయి, చెయ్యి తగిలితే వంకర పోతాయి. అమ్మ కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చుంది, సున్నం బొట్టు ఇంకా ఉందేంట్రా అని అడిగింది. రెండు పిలకలూ ఇంకా కదల్లేదు, గట్టిగానే ఉన్నాయి. వాటిని వచ్చే ఏడాది దాకా ఎవరూ వేరు చేయొద్దని తమ్ముడికి చెప్పి వచ్చాను.