టైటిల్ పడకముందు డెబ్బై సెకన్లు: నా అనుభవం

వరంగల్ దిక్కు సుబేదారిల ఒక జిరాక్స్ సెంటర్ చుట్టూ తిరిగే కామెడీ సిరీస్ మాది. ప్రతి ఎపిసోడుకు టైటిల్ కంటే ముందు ఒక చిన్న సీన్ పెట్టాలనుకున్నం. సిట్‌కామ్‌లు, అంటే ఒకే జాగ, ఒకే మనుషుల చుట్టూ తిరిగే కామెడీ సీరియళ్లు రాసేటోళ్లు దీన్ని కోల్డ్ ఓపెన్ అంటరు. డెబ్బై సెకన్ల ముక్కే గదా, ఒక్క పూటల అయిపోతది అనిపిస్తది. మొదటిదానికే నాలుగు డ్రాఫ్టులు, రెండు షూటింగులు పట్టినయి.

ఈ పద్ధతి టీవీ రిమోట్ భయంతోని గట్టిపడ్డది. అమెరికాల అరగంట సిట్‌కామ్‌ల యాడ్లు తీసేస్తే మిగిలేది సుమారు 22 నిమిషాలు. ముందు షో అయిపోంగనే టైటిల్ పాట, దాని వెనుక యాడ్లు వస్తే చూసేటోడు చానెల్ మార్చేస్తడు. అందుకే నవ్వు ముందు, పేరు తర్వాత. 1982ల మొదలైన 'చీర్స్' టైటిల్‌కు ముందు బార్‌ల ఒక చిన్న జోకు పెట్టేది. ఆ రోజు కథతోని దానికి సంబంధం ఉండాలనేం లేదు. 'సైన్‌ఫెల్డ్' తొలి సీజన్లల స్టాండప్ ముక్క ముందొస్తది. 'ఫ్రెండ్స్'ల చాలాసార్లు ఆ రోజు కథకు మొదటి ముడి అక్కడ్నే పడ్తది. మన డైలీ సీరియల్ మొదట్ల వచ్చే 'నిన్నటి భాగం' దీనికి ఉల్టా. అది నిన్న చూసినోడికి గుర్తుచేస్తది, ఇది ఎన్నడూ చూడనోడిని కూసోబెట్టాలె. 'అమృతం'కు ఉన్నసొంటి టైటిల్ పాట చేతిల ఉంటే ఈ తిప్పలే ఉండకపోవు, కానీ అది అందరికీ దొరికే సరుకు కాదు.

మేం చీర్స్ దారి పట్టినం. సీన్ అక్కడ్నే మొదలై అక్కడ్నే అయిపోవాలె.

రాసేముందు 'ది ఆఫీస్' అనే అమెరికా సిట్‌కామ్‌ల 2009 నాటి ఒక ముక్కను సౌండ్ బంద్ చేసి ఒకసారి, సౌండ్ పెట్టి ఒకసారి చూసినం. అండ్ల ఆఫీసుల పనిచేసే కెవిన్ తను వండిన చిల్లీ (మాంసం కూర లాంటి వంటకం) ఎంత గొప్పదో గొంతుల చెప్తుంటడు, బొమ్మల అదే గిన్నె కార్పెట్ మీద ఒలికిపోతది. మాట ఒక దిక్కు, బొమ్మ ఒక దిక్కు. ఆ సీన్ పంచ్ డైలాగు కోసం ఎక్కడా ఎదురుచూడదు. మా మొదటి డ్రాఫ్టుల ఉన్నయన్ని పంచ్ డైలాగులే. దాన్ని పక్కన పడేసినం.

చివరికి నిలిచిన సీన్ ఇది. షాపు గోడకు 'ఉద్దెర రేపు' అని బోర్డు. పాత బోర్డే, పాత జోకే.

"అన్నా, ఆధార్ జిరాక్స్ కొట్టు. పైసలు రేపిస్త."

ఓనర్ బోర్డు చూపిస్తడు.

"రేపైతే ఉద్దెర ఇస్తవా?"

"బోర్డు మీద రాసున్నది గదా."

"అయితే ముందుగాల గా బోర్డు జిరాక్స్ కొట్టు."

చెయ్యి అలవాటు కొద్ది ఓనర్ బోర్డు తీసి మిషిన్ల పెడ్తడు, కాపీ ఇస్తడు. "రెండు రూపాయలు" అంటడు. కస్టమర్ గోడ గడియారం చూస్తడు, కాపీ మడిచి జేబుల పెట్టుకుంటడు, స్టూలు గుంజుకొని కూసుంటడు. టైటిల్.

మూడో డ్రాఫ్టుల దీనికి తోక ఉండె: "ఏందిరా, తెల్లార్లు గిట్లనే కూసుంటవా?" అని ఓనర్ అరుస్తడు. చదువుతుంటే ఆ మాటకే అందరం నవ్వినం, కాబట్టి తీసెయ్యడానికి చేతులు రాలే. కానీ స్టూలు మీద కూసున్నప్పుడే చూసేటోడికి సంగతి అర్థమైతది. తర్వాత వచ్చే మాట అర్థమైన జోకును మళ్ల చెప్పడమే. ఆ జాగల టైటిల్ పడాలె. డైలాగులన్ని కలిపి ముప్పై మాటలు దాటలే, మిగతా టైమంతా చేతులు, చూపులు, మిషిన్.

షూటింగుల మొదటి దెబ్బ బోర్డు నుంచే వచ్చింది. గోడ మీద బాగ కనబడాలని రెండడుగుల ఫ్లెక్సు కొట్టించినం. మిషిన్ అద్దం మీద అది పట్టదు. పట్టకుంటే సీనే లేదు. ఏ4 సైజుల, అడ్డంగ, రెండు ముక్కలే పెద్ద అక్షరాలతోని మళ్ల చేయించినం. లామినేషన్ చేస్తే ట్యూబులైటు దాని మీద తెల్లగ మెరిసి అక్షరాలు పోయినయి. కాబట్టి ఉత్త అట్ట ముక్కకు కాగితం అతికించినం.

రెండోది లైటు. ఫోన్‌ల ఆటో మీద సెకనుకు 30 ఫ్రేములతోని తీస్తే ట్యూబులైటు కింద నల్లటి చారలు పైకి కిందికి పాకినయి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే లైటు సెకనుకు వంద సార్లు మిణుకుతది. 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పట్టే టైము) సెకనుల యాభయ్యో వంతు అని మాన్యువల్‌గ పెట్టంగనే చారలు పోయినయి. వెలుతురు ఎక్కువైతే వందో వంతు పెట్టొచ్చు, అరవయ్యో వంతు మాత్రం వద్దు.

ఫ్యాను, మిషిన్ రెండూ బంద్ చేసి డైలాగులు తీసినం. మిషిన్ చప్పుడు విడిగ, ఖాళీ గది చప్పుడు ముప్పై సెకన్లు విడిగ రికార్డు చేసుకున్నం. లేకుంటే ప్రతి కట్టు దగ్గర వెనుక చప్పుడు తెగినట్టు వినబడ్తది. ఫ్యాన్ లేకుంటే వరంగల్ ఎండకు చెమట కారుడే. టేకు టేకుకు మొకం తుడవాలె, లేకుంటే ఒకే డైలాగుల మనిషి రెండు తీర్ల కనిపిస్తడు.

స్టూలు, గడియారం, బోర్డు మూడూ మొదటి వైడ్ షాట్‌లనే కనబడాలె. కానీ స్టూలుకు క్లోజప్ ఇయ్యొద్దు. ఇస్తే ఏం జరగబోతదో ముందే తెలిసిపోతది.

ఎడిటింగుల అసలు పని చివరి కట్టు దగ్గరనే. స్టూలు కాళ్లు నేల మీద గీరిన చప్పుడు, కూసునుడు, ఓనర్ మొకం. ఆ మొకాన్ని మొదట రెండు సెకన్లు ఉంచినం, నవ్వు సల్లారింది. కూసున్న వెంటనే కోసేస్తే కూసున్నడని కంటికే అందలే. 18 ఫ్రేముల దగ్గర కుదిరింది, అంటే ముప్పావు సెకను కంటే కొంచెం తక్కువ. టైటిల్ ఆరు సెకన్లు. మ్యూజిక్ డైలాగుల కంటే మరీ గట్టిగ లేస్తే ఇయర్‌ఫోన్ పెట్టుకున్నోడు ఉలికిపడ్తడు. పైగా మొత్తం వీడియో మోత మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చప్పుడు ఎంత గట్టిగుందో కొలిచే లెక్క) దాటితే యూట్యూబ్ దాన్ని తగ్గిస్తది, మాటలు గూడ దాంతోపాటే సన్నవడ్తయి. అందుకే మ్యూజిక్‌నే దించినం.

ఇగ టైటిల్ తర్వాతి సీన్. అదే షాపు, అదే సాయంత్రం, వేరే కథ. దాన్ని ముందురోజే తీసి పెట్టుకున్నం. రెండూ అతికించినంక చూస్తే స్టూలు ఖాళీ, మనిషి లేడు. ఇంకొక పూట పెట్టి ఆ సీన్ మొత్తం మళ్ల తీసినం. ఫ్రేము మూలకు కాపీ జేబుల పెట్టుకొని ఆయన కూసోనే ఉంటడు, ఆయన దిక్కు ఎవరూ చూడరు.